నల్లకాళ్ల పర్ల

“సీమ మొత్తంలో నిఖార్సైన లేవి పర్ల ఉండేది నాకాడొక్కన్నే!”

ఫోను ముందు రొమ్ము విరుచుకుని సుధీర్ ఈ మాట అనేటప్పటికి, పుంజు కాళ్లకు వేసిన రంగు ఇంకా ఆరనే లేదు.

నాయన తలకేసుకునే నల్లరంగు పాకెట్టు ఒకటి. పాత పళ్ల బ్రష్షు ఒకటి. పావుగంట పని. పసుపు కాళ్లు కాస్తా బొగ్గు కాళ్లయ్యాయి.

మెడ మీద నలుపూ తెలుపూ ఈకలు చుక్కలు చుక్కలుగా కలిసి ఉంటే పర్ల అంటారు. అట్లాంటివి ఏ ఊళ్లోనైనా నాలుగుంటాయి. కాళ్లు కూడా నల్లగా ఉండేది మాత్రం, లేవి అనే ఆయన నలభై ఏళ్లు జత కూర్చి కూర్చి తీసిన జాతిలోనే. ఆయన్ని చూసినవాళ్లు తక్కువ. ఆయన పేరు చెప్పి కోళ్లమ్మేవాళ్లు నందికొట్కూరు సంత నిండా.

సుధీర్ వీడియో సాయంత్రానికి జిల్లా దాటింది. సుధీర్ లెక్క ప్రకారమైతే సముద్రం కూడా దాటింది.

నాలుగో రోజు వాళ్ల వాకిట్లోకి ఒక ముసలాయన వచ్చాడు. చంకలో గంప. గంప మీద తడి గోనెపట్ట.

“ఎవరు కావల్ల తాతా?”

“నల్లకాళ్ల పుంజు ఈడేనా అప్పా? రాయచోటి పక్క నుంచి వస్తాండా. మూడు బస్సులు మారినా.”

గోనెపట్ట తీశాడు. లోపల పెట్ట. మెడ నిండా చుక్కలు. కాళ్లు సీసంలా నల్లగా ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన నలుపు.

“ఎండాకాలం రోగమొచ్చి పుంజులన్నీ పోయినాయి. ఇదొక్కటే మిగిలింది. ముసల్దాయె. ఇంగొక్క తూరి గుడ్లకొస్తే వస్తాది, అంతే. నీ పుంజుతో కలపనిస్తావేమో అని వచ్చినా.”

“మీ ఊర్లో పుంజులే లేవా తాతా?”

“ల్యాకేం, శానా ఉండాయి. అన్నీ పసుపు కాళ్లవి. పసుపుది తగిల్తే పిల్లలన్నీ పసుపే. ఆ పొద్దుకు జాతి తెగిపోయినట్టే. అందుకే నెల దినాలుగా దీన్ని ఏ పుంజూ తొక్కకుండా గంప కిందనే పెట్టుకోనుండా.”

సుధీర్ నిజం చెబుదామనే నోరు తెరిచాడు. అలవాటు లేని నోరు. వేరేది వచ్చింది.

“లేవి తాత తన చేత్తో నాకిచ్చిన పుంజు ఇది.”

ముసలాయన తలెత్తాడు. “లేవి నీకు తెల్సా?”

“తెల్సా ఏంది తాతా? నా ఒళ్లోనే పానం ఇడిసినాడు.”

“పోయినాడా?”

“ఉగాది ముందర. పుంజు కూసింది, ఆయప్ప నవ్వినాడు, పోయినాడు. ఊర్లో మూడు దినాలు ఎవురూ పొయ్యి రాజేయలా.”

“అంతమంది ఏడ్చిరా?”

“కోళ్లు గూడా ఏడ్చినాయి.”

ముసలాయన తుండుగుడ్డతో మీసాలు తుడుచుకున్నాడు.

“మంచి సావే” అన్నాడు.

తర్వాత పుంజు దగ్గరికి వంగి, దాని కాళ్ల మీదికి చెయ్యి చాపాడు.

“ముట్టొద్దు! దిష్టి తగుల్తాది!”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొరలు కమ్మిన కళ్లు చిట్లించి, దూరం నుంచే ఆ నలుపు చూశాడు.

“మనిషి మాటలు ఎట్లన్నా ఉండనీ. కోడి కాళ్లు అబద్దం చెప్పవులే” అని గంప దించాడు.

రెండు రోజులు గోడ నీడలోనే కూర్చున్నాడు. సుధీర్ వాళ్లమ్మ కృష్ణవేణమ్మ పెట్టిన సంగటి తిన్నాడు. పోయేటప్పుడు పుంజుకు దండం పెట్టి పోయాడు.

ఆ దండం సంగతి సుధీర్ స్నేహితులందరికీ చేసి చూపించాడు. మూడోసారి చూపించేటప్పుడు ఎందుకో తనకే నవ్వు రాలేదు.

నాలుగు నెలలకు అదే గంప మళ్లీ వాకిట్లోకి వచ్చింది. ఈసారి మోసుకొచ్చింది ఆయన కూతురు యశోద.

“మా నాయన పోయినాడప్పా. ఈ పిల్లల్ని నీకియ్యమని చెప్పి పోయినాడు. నీ పుంజు బిడ్డలు గదా, నీ కాడుంటే జాతి పదిలమంట.”

గోనెపట్ట తీసింది. ఏడు పిల్లలు. పద్నాలుగు కాళ్లు. పద్నాలుగూ పసుపే.

“పెట్ట యాడ?”

“పిల్లల్ని లేపినాక అదీ పోయింది.”

సుధీర్ ఒక పిల్లను ఎత్తి కాళ్లు తిప్పి చూశాడు. అయినా ఊరుకోలేదు.

“ఆ పెట్టే కల్తీదేమోక్కా.”

యశోద అతని వెనక గూటి ముందు గింజలేరుకుంటున్న పుంజును చూసింది. రంగు వెలిసిపోయి ఎన్నాళ్లయిందో. దాని కాళ్లూ పసుపే.

“చివర్లో ఆయనకు కండ్లు పూరా పోయినాయి” అంది. “కాళ్లు నల్లబడినాయా యశోదా అని దినామూ అడుగుతాండె. నల్లబడినాయి నాయనా అంటి. నేనూ అబద్దమే చెప్తి.”

సుధీర్ పుంజును పట్టుకొచ్చి ఆమె ముందు దించాడు.

“రంగేసినా అక్కా. తలకేసుకునే రంగు. ఆ పుంజు సంతలో కొన్నింది. లేవి తాతను నేను ఏనాడూ చూసింది లేదు. అన్నీ అబద్దాలే.”

“ఆ లేవి తాత మాట అబద్దమని మా నాయనకు ఆ పొద్దే తెల్సులే” అంటూ యశోద ఖాళీ గంప చంకకెత్తుకుంది. “మా ఊర్లో బస్సు దిగింది మొదలు పానం పోయేదాకా చెప్పి చెప్పి నవ్వుతాండె, ‘వాని ఒళ్లోనే సచ్చిపోయినానంట యశోదా నేను, కోళ్లు గూడా ఏడ్చినాయంట’ అని.”