రాయి పుట్టిన ఊరు

“ఈ ఫిరోజా ఇరాన్‌లో పుట్టిందేనా అండీ?” అంటూ వీరలక్ష్మి, నీలం ఆకుపచ్చ కలిసిన ఆ రాయి ఉంగరాన్ని కూతురి వేలి నుంచి లాగేసింది.

లింగంపల్లిలో నగల కొట్టు నడిపే బాలనర్సయ్య నవ్వాడు. “అబద్ధమెందుకు తల్లీ. గిట్ల మచ్చ లేకుండ ఉంటే, ఎక్కడిదైనా ఇరానీ అనే అంటం. ఏ గనిల పుట్టిందో రాయికే తెల్వాలె.”

“పుట్టిన చోటు దాచే రాయి పిల్లనేం కాపాడుతుంది? రేపే దీని ఉద్యోగంలో మొదటిరోజు. సిద్ధాంతిగారు ఇరానీదే పెట్టమన్నారు.”

“పోనిద్దూ అమ్మా,” అంది ఉమాశ్రీ. “రేపట్నుంచి హైటెక్ సిటీలో కూర్చుని నేనూ ఫోన్లో నాన్సీనే.”

“ఆ పేరెవరు పెట్టారే?”

“ఆఫీసువాళ్లు. అమెరికాలో ఎవరి బ్యాంకు కార్డు పోయినా ఫోన్ మాకే వస్తుంది.”

“నీది ఏ ఊరని అడిగితే?”

“చెప్పకూడదు. మాట మార్చడం నేర్పించారు.”

వీరలక్ష్మి చేతిలోని ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పుతూ అడిగింది. “మరి వాళ్లకి కొత్త కార్డు?”

“అది మాత్రం నిజంగానే ఇప్పిస్తానమ్మా.”

వీరలక్ష్మి కూతురిని చూసింది, రాయిని చూసింది. ఉంగరాన్ని మళ్లీ ఉమాశ్రీ వేలికి తొడిగింది.

“ఇరానీది గాకున్నా ఫికర్ లేదా తల్లీ?” అన్నాడు బాలనర్సయ్య.

“లేదండీ. పొద్దున పూజలో అమ్మవారికి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. పిల్ల పుట్టింది తణుకులో, రాయి పుట్టిందెక్కడో నీకే తెలుసు, ఇద్దర్నీ చూసుకో తల్లీ అని.”