ఓవ్లా మామకు నచ్చని బండి

"బ్రహ్మాండంగా ఉందబ్బాయ్. కానీ..." అన్నాడు ఓవ్లా మామ, హెల్మెట్ తీసి కౌంటర్ మీద పెడుతూ.

ఆ 'కానీ' వినగానే షోరూం చూసుకునే తౌనోకు ఒళ్ళు మండింది. మండదా మరి? నాలుగు రోజులుగా ఇదే 'కానీ'.

ఈస్టర్‌కి వారమే ఉంది. షోరూంలో మిగిలింది ఒకే ఒక్క కొత్త స్నోమొబైల్, అదే, మంచు మీద పోయే బండి. టూ-స్ట్రోక్ ఇంజనే కానీ పాతవాటిలా పొగ కక్కదు. బటన్ నొక్కితే స్టార్టవుతుంది. హ్యాండిల్ పట్టుకుంటే చేతులు వెచ్చగా ఉంటాయి. ఏం లాభం? కొనే నాథుడే లేడు. యజమాని కిందటి నెలే రొవానియెమి పట్నం నుంచి ఫోన్ చేసి తెగేసి చెప్పాడు.

"ఈస్టర్‌లోగా ఆ బండి అమ్ముడుపోకపోతే ఆ ఊళ్ళో షాపు మూసేస్తున్నా."

మూస్తే తౌనో ఉద్యోగం, మెకానిక్ సైమి ఉద్యోగం రెండూ మంచులో కలిసినట్టే. అందుకే రిపేర్లన్నీ పక్కన పెట్టమన్నాడు తౌనో.

"దొడ్లో మూడు పాత బండ్లు మంచు కింద పడున్నాయన్నా. జనం నన్ను తిడుతున్నారు," అంది సైమి.

"తిట్టనీ. పాతవి బాగుచేసి ఇచ్చేస్తే కొత్తది ఎవడు కొంటాడు?"

అవి ఎవరి బండ్లని కూడా అడగలేదు.

కొనేలా కనబడింది ఓవ్లా మామ ఒక్కడే. సోమవారం పొద్దున్నే వచ్చి, "ఓసారి నడిపి చూడొచ్చా?" అన్నాడు. తౌనో ఎగిరి గంతేసినంత పని చేశాడు. తాళంచెవి చేతిలో పెట్టి, "ఎర్ర గుర్తులు పాతిన దారెంట వాగు దాకా పోయి రండి మామా. గంట కూడా పట్టదు," అన్నాడు.

మామ తిరిగొచ్చేసరికి అయిదు గంటలు పట్టింది.

"దారి మీద బాగానే పోతోంది. పక్కకి దిగితేనే మెత్తటి మంచులో కూరుకుపోతోంది."

"పక్కకి దిగడం దేనికి మామా?"

"దారి మీద ఎవడైనా నడుపుతాడు."

సరే, సైమి చేత బండి ముందు మంచు మీద జారే స్కీలు తీయించి వెడల్పాటివి బిగింపజేశాడు.

మంగళవారం: "వెనక ఏదైనా తగిలించుకుందామంటే కొక్కెం లేదు." కొక్కెం వేయించాడు. లాగి చూసుకొమ్మని చక్రాల్లేని ఓ చెక్క స్లెడ్జి కూడా ఇచ్చాడు. బుధవారం: "సగం దారిలో పెట్రోలు అయిపోయింది." ఫుల్ ట్యాంకు! వాగు దాకా పోయొస్తే ఫుల్ ట్యాంకు ఎలా అయిపోతుంది? అడగాలని నోటిదాకా వచ్చింది. ముసలాయన అలిగి పోతాడేమోనని మింగేశాడు. నవ్వు మొహంతోనే ఇంకో డబ్బా నింపి బండి వెనక కట్టించాడు.

పైగా రోజూ సాయంత్రం సీటు తుడవడమొకటి. నిండా బూడిదరంగు వెంట్రుకలు. "ఈయన బొచ్చుకోటు రాలిపోతున్నట్టుంది. నా ఖర్మ!" అని సణుక్కుంటూ తుడిచాడు.

"అసలు కొంటాడంటావా సైమీ?"

సైమి కిటికీలోంచి దొడ్లోని మంచుదిబ్బల వంక చూసింది. తర్వాత నవ్వి, "మందలో ఎన్ని రెయిన్‌డీర్లున్నాయో అడుగు. తెలిసిపోతుంది," అంది.

"పిచ్చా నీకు?"

మా లాప్లండ్‌లో మామలా రెయిన్‌డీర్ మందలు మేపుకునేవాళ్ళను ఏమైనా అడగొచ్చు, అదొక్కటి తప్ప. బ్యాంకులో ఎంతుందని అడగడం ఎంత తప్పో, మందలో ఎన్నున్నాయని అడగడం అంత తప్పు. అడిగినవాణ్ణి మళ్ళీ కాఫీకి కూడా పిలవరు. మామకు కొనే తాహతుందో లేదో తెలిసే దారే లేదు తౌనోకి.

ఇవాళ గురువారం. మళ్ళీ 'కానీ'.

"కానీ ఏంటి మామా?"

"మోత చాలదు."

"చాలదా! అందరూ మోత తగ్గించమనే ఏడుస్తారు. కంపెనీవాళ్ళు చచ్చీచెడీ తగ్గించారు!"

"వినాల్సినవాళ్ళకి వినబడొద్దూ? గుట్ట అవతల గొంతు పోయేలా అరిచాను."

తౌనో పళ్ళు నూరుకున్నాడు. ఇక తాడో పేడో తేలిపోవాలి. అమ్మకం కాగితం ముందుకు తోశాడు.

"మోత సంగతి నేను చూస్తా. మీరు సంతకం పెట్టండి మామా."

మామ కాగితం వంక చూడనేలేదు. మా వైపు అలవాటు ప్రకారం కాఫీలో జున్నుముక్కలు వేసుకుని తీరిగ్గా చప్పరించాడు.

"బండి మంచిదే. నాకవసరం లేదు."

అంతే. తౌనో నాలుగు రోజుల ఓర్పు ఒక్కసారిగా తెగిపోయింది.

"అవసరం లేదా! నాలుగు ట్యాంకుల పెట్రోలు! స్కీలన్నారు, కొక్కెమన్నారు, స్లెడ్జి ఇచ్చాను! కొనే తాహతు లేనప్పుడు నా ప్రాణమెందుకు తీశారు? అసలు మీ మందలో ఎన్నున్నాయండీ రెయిన్‌డీర్లు?"

సైమి చేతిలోని స్పానర్ కింద పడింది.

తౌనో నాలుక కరుచుకున్నాడు. అనేసిన మాట వెనక్కి రాదు కదా.

మామ కోప్పడలేదు. కప్పు అడుగున మిగిలిన జున్నుముక్కను చెంచాతో తీసుకుని తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు. తాళంచెవి కౌంటర్ మీద పెట్టాడు.

"పొద్దుటిదాకా నాకే తెలీదు నాయనా, బాగుచేయమని ఇచ్చిన నా బండి నెల్లాళ్ళుగా నీ దొడ్లో మంచు కింద పడుంటే, చెల్లాచెదురైన మందనంతా నీ కొత్త బండి మీద వెతికి తోలుకొచ్చి, ఇప్పుడే లెక్కపెట్టి వస్తున్నా."