మాటలు తెలియని బొమ్మ

జర్మన్ సినిమా మొదలై పది నిమిషాలు కాలేదు, వెనక వరుస లేచి నిలబడింది.

చిదంబరం కంగారుగా వెనక్కి తిరిగాడు.

నాచారంలో తమ అపార్ట్‌మెంట్ సెల్లార్ గదిలో ప్రతి ఆదివారం పాత సినిమాలు వేస్తాడాయన. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన లోకం అదొక్కటే. జనం రాకపోతే గదిని జిమ్‌కి ఇచ్చేస్తామని అసోసియేషన్ వాళ్లు చెప్పేశారు.

ఇవాళ చూస్తే నలుపు తెలుపు బొమ్మ. ఎవరూ పేరు విననిది. కింద ఇంగ్లిష్ అక్షరాలు కూడా పడటం లేదు. మంచు, చెరువు, పడవలో ఒంటరిగా ఓ పిల్ల.

"సార్, గీ జర్మనోళ్లు మనల్ని పొగుడుతున్నరా, తిడుతున్నరా?" మూడో అంతస్తు పూర్ణిమ అడిగింది.

అందరూ నవ్వారు.

గోడవార కూర్చున్న ముసలాయన లేచాడు. తలపాగా మాసి ఉంది. ఎవరో ఎవరికీ తెలియదు. వచ్చి తెర పక్కన నిలబడ్డాడు.

"గా పిల్ల చెరువు దాటుతలేదు బిడ్డా. చెరువే పిల్లను దాటుతున్నది."

లేచినవాళ్లు ఆగారు.

"గా తెల్లది మంచు గాదు. తల్లి యాది. పిల్ల ఎటు వోతే అటే వస్తది."

తెర మీదికి ఓ గుర్రం వచ్చింది. జీను ఖాళీ.

"గుర్రమొచ్చింది, మనిషి రాలె. ఏమైందో దానికెరుకే. చెప్పనీకి నోరేది?"

ఎవరూ కదల్లేదు. ఫ్యాను చప్పుడు కూడా ఆ మంచులోంచే వస్తున్నట్టుంది. పూర్ణిమ కళ్లొత్తుకుంది.

బొమ్మ అయిపోయింది.

"తాతా, నీకు జర్మన్ వచ్చా?" ఎవరో అడిగారు.

"ఏ భాషో నాకేమెరుక బిడ్డా! బొమ్మ సూపిస్తది, నేను చెప్త."

చిదంబరం ముఖం ఎర్రబడింది.

"అంటే అంతా కల్పించారా! ఇది సినిమా అండీ, పిట్టకథ కాదు. వచ్చేవారం నోరు మూసుకుని కూర్చునేటట్టయితేనే రండి."

ముసలాయన తలూపాడు. మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మళ్లీ అదే బొమ్మ కావాలన్నారంతా. మరుసటి ఆదివారం ఉప్పల్ నుంచి కూడా వచ్చారు. చిదంబరం ఎలాగో ఇంగ్లిష్ మాటలు సంపాదించి కింద వేశాడు.

ఆ మాటల ప్రకారం, పిల్ల పిండిమరలో వాటా అడగడానికి బాబాయి దగ్గరికి వెళుతోంది. గుర్రం కట్టు తెంపుకుంది, అంతే. మంచు గురించి ఎవరూ ఏమీ అనలేదు.

సగం కాకముందే గది ఖాళీ.

"తాత లేకుంటే గీ బొమ్మల ఏమున్నది సార్?" పోతూ పోతూ పూర్ణిమ అంది.

ముసలాయన పేరు పెంటయ్య అనీ, పీర్జాదిగూడలో కూతురి దగ్గర ఉంటాడనీ వాచ్‌మన్ చెప్పాడు.

చిదంబరం వెళ్లేసరికి కూతురు మైసమ్మ ఓ కడుతున్న ఇంటి దగ్గర ఇసుక జల్లిస్తోంది.

"మీ నాన్నగారిని పిలుచుకెళదామని వచ్చానమ్మా. ఆయన చెబితేనే జనం ఉంటారు."

"ఊరికి వోయిండు సార్. ఇగ రాడంట."

"ఎందుకని?"

ఆమె జల్లెడ కింద పెట్టింది.

"మేము తాతల కాలం సంది బొమ్మల పటం ఇప్పి, బొమ్మ బొమ్మకు కథ చెప్పుకుంట ఊరూరు తిరిగెటోళ్లం సార్. టీవీలొచ్చినంక ఎవ్వలు పిలుస్తలేరు. పటం సుట్టిపెట్టిన కాడికెల్లి కథనే ఎత్తని మా నాయిన, మీ కాడ్నే మళ్ల నోరు తెరిచిండు."