రాజుగారి ఆఖరి గుక్క

సుత్తి పడింది. ఐసు గడ్డలు పగలగొట్టే సుత్తి అది. బల్ల మీద పరిచి పట్టుకున్న అల్లుడి చేతికి జానెడు దూరంలో పడి, అక్కడున్న గ్లాసును పిండి చేసింది.

"ఇది గురి చూసుకోడానికి," అన్నాడు చిన్నదొర, ఆ బారులో పానీయాలు కలిపే ముసలి మామతో. "ఇంక మొదలుపెట్టు తాతా."

బారు తెరిచే వేళ కాలేదు. కుర్చీలు ఇంకా బల్లల మీద బోర్లించే ఉన్నాయి. గోడల నిండా పాత నలుపు తెలుపు సినిమాల బొమ్మలు. కిరీటాలు పెట్టుకున్న రాజులు, మూతి ముడుచుకున్న రాణులు. ఒక్కో బొమ్మ కింద ఒక్కో పానీయం పేరు. 'రాణిగారి అలక' నాలుక మీద తియ్యగా ఉండి, మింగాక మిరియాల మంట పెడుతుంది. 'యువరాజు పరారీ' నోట్లో పడీ పడగానే చల్లగా మాయమవుతుంది. అన్నీ ముసలాయన కల్పించినవే. జనం వచ్చేదీ వాటికోసమే.

చిన్నదొర సింహాసనం మీద ఒరిగిపోయిన రాజు బొమ్మను సుత్తితో చూపించాడు.

"రాజుగారి ఆఖరి గుక్క. ఏళ్ల తరబడి మా నాన్న ఇదే కుర్చీలో కూర్చుని అదే తాగాడు. పోయిన రోజు సాయంత్రం కూడా. 'ఇవాళ భలే కుదిరిందిరా, చూడు' అని నాకూ ఒక గుక్క ఇచ్చాడు. రాత్రి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. ఆ రుచి మాత్రం నా నాలుక మీద అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత నీ దగ్గర ఎన్నిసార్లు తాగినా అది రాలేదు. ఇవాళ రావాలి."

"పాళ్లు అవే బాబూ, నేనేం మార్చలేదు..."

"కుదరని గ్లాసుకో వేలు." చిన్నదొర నవ్వాడు. "నీది కాదులే. నీకు ఇప్పటికే ఒకటి తక్కువ."

ముసలాయన ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. ఒకసారి పెద్దదొరకు గ్లాసు అందించడం ఆలస్యమైంది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు.

ఇద్దరు మనుషులు అల్లుడి భుజాలు బల్లకేసి అదిమి పట్టారు. ముసలాయన అతని వేళ్ల వైపు చూడలేకపోయాడు. ఆ చేతి పనితనం చూసే కూతుర్నిచ్చాడు.

రెడ్ వైన్, బ్రాందీ, నారింజ రసం, రెండు లవంగాలు, గులాబీ నీరు. షేకర్ ఊపుతుంటే లోపలి ఐసు కన్నా ఆయన పళ్లే ఎక్కువ చప్పుడు చేశాయి. ఇత్తడి గిన్నెలో పోసి ముందు పెట్టాడు.

చిన్నదొర ఒక గుక్క తీసుకుని నేల మీద ఉమ్మేశాడు. "ఇది రోజూ ఉండేదే."

సుత్తి పడింది. ఎండు పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. ఆ తర్వాత అల్లుడి కేక.

రెండో గిన్నెలో ముసలాయన దాల్చినచెక్క వేశాడు, దానిమ్మ రసం కలిపాడు. చిన్నదొర వాసన చూసి, గిన్నెను ఆయన మొహాన విసిరాడు. కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది.

"నా దగ్గరా నాటకాలు?"

సుత్తి మళ్లీ పడింది. బల్ల మీది ఐసు ముక్కలు ఎర్రబడ్డాయి.

"మామయ్యా!" అల్లుడు వెక్కుతూ అరిచాడు. "ఆ పాళ్లు నీతోపాటే పట్టుకుపోతావా? నాకు ఎలాగూ నేర్పలేదు, వీడికైనా కలిపి పొయ్యి! ఈ చెయ్యి పోతే మీ అమ్మాయికి తిండెక్కణ్ణించి తేను?"

"విన్నార్రా?" చిన్నదొర తన మనుషుల వైపు తిరిగాడు. "సొంత అల్లుడి దగ్గర కూడా దాచాడట. ఇంత పిసినారి మామ పగవాడికి కూడా వద్దు."

వాళ్లు నవ్వారు. సుత్తి ఈసారి బొటనవేలి మీదికి లేచింది. బొటనవేలు లేనివాడు సీసా మూత కూడా తియ్యలేడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రుచిని మళ్లీ ఈ బల్ల మీదికి రానివ్వకూడదని ముసలాయన ఒట్టు పెట్టుకున్నాడు. అల్లుడు కళ్లు మూసుకున్నాడు.

"ఆగు బాబూ! ఆగు. చేస్తాను."

పొయ్యి వెలిగించి మూకుడులో చక్కెర పోశాడు. అది కరిగింది, తేనె రంగుకొచ్చింది. ఆయన దించలేదు. నల్లబడి పొగ లేచేదాకా ఉంచి, నీళ్లు చిలకరించి, ఆ మాడుపాకం ఒక చెంచాడు షేకర్లో పోశాడు. అంత నొప్పిలోనూ అల్లుడు తలెత్తి చూశాడు. ఆయన ఆ పని చెయ్యగా అతను ఎన్నడూ చూడలేదు.

చిన్నదొర గుక్క వేశాడు. ఉమ్మలేదు. ఇంకో గుక్క వేసి కళ్లు మూసుకున్నాడు. సుత్తి పక్కన పెట్టాడు.

"ఇదే," అన్నాడు. "ఇదే తాతా."

వాళ్లు అల్లుణ్ణి వదిలేశారు. ముసలాయన తువ్వాలు చింపి అతని చేతికి చుట్టాడు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"మాడుపాకమా?" చిన్నదొర మెల్లగా అడిగాడు.

"అవును బాబూ. చక్కెర మాడితే ఒక రకం కమ్మటి చేదు వస్తుంది. నారింజతో బాగా కలిసిపోతుంది."

చిన్నదొర గిన్నె అడుగు దాకా తాగి బోర్లించాడు. తలుపు గడియ పెట్టమని తన మనిషికి సైగ చేశాడు.

"అన్నేళ్లూ వెయ్యని మాడుపాకం మా నాన్నకి ఆ ఒక్క సాయంత్రమే ఎందుకేశావు తాతా? దాని కింద ఏ చేదు దాచావు?"