తిరగకలపని ఆవకాయ

ఆవకాయ గాజుజాడీలో తెల్లటి బూజు చూడగానే వసుంధరకు ఒళ్లు మండిపోయింది. చనిపోయాక ఓ కంపెనీవాళ్ల కంప్యూటర్‌లో బతుకుతున్న అత్తగారు చెప్పందే ఆ ఇంట్లో జాడీ మూత తీయరు. మూడో రోజు తిరగకలపాల్సింది. వారమైనా ఆవిడ రోజూ తెరమీదికొచ్చి, "ఇవాళేగా కలిపాం, ముట్టుకోకు" అంటూనే ఉంది.

ఫోన్ చేస్తే కంపెనీ ఉద్యోగి తాపీగా చెప్పాడు. "మీరు పలకరించినప్పుడే ఆవిణ్ణి నడుపుతామండీ, మిగతావేళ ఆపేస్తాం. అప్పుడు ఆవిడ గడియారమూ ఆగి వెనకబడినట్టుంది, సరిచేశాను."

"వారం రోజులు మనిషిని చంపేసి, గడియారం సరిచేశావా?" వసుంధర అరిచింది.

అప్పుడే తెరమీద అత్తగారు తేదీ చూసుకుంది. బూజు పట్టిన జాడీనీ చూసింది. కోడలి మీద విరుచుకుపడింది.

"నేను అన్ని రోజులు పడుకుంటే లేపొద్దుటే?"