స్పీకరుకు అడ్డం

బండల పాలిషింగు మిషన్లు ఆగితే బేతంచెర్లకు చెవుడొచ్చినట్టుంటుంది. భర్త బండల లోడుతో పోయిన రాత్రి, రాజ్యలక్ష్మమ్మ కొత్త హోం థియేటర్లో సినిమా పెట్టుకుంది. గది నాలుగు మూలల్లోని స్పీకర్లలో వాకిలి పక్కది మాత్రం మూతికి గుడ్డ కట్టినట్టు మూలిగింది. రాతిదుమ్ము పడకుండా తాను కప్పిన గుడ్డ తీసేసింది. వైరు మార్చింది. లాభం లేదు. మెకానిక్ ఖాసీంకు సెల్లు కొట్టింది.

"ఎదురుగా ఏమన్నా అడ్డముండాదేమో సూడమ్మా. మనిషి నిలబడినా అట్లే వస్తాది."

"ఈడ నేనొక్కదాన్నే ఉండానప్పా."

ఆమె సోఫాలో కూర్చుందో లేదో, ఆ స్పీకరు ఖంగుమంది. బాగైపోయిందిలే అని చెప్పబోయింది. అంతలో కిటికీ పక్క స్పీకరుకు గొంతు పూడుకుపోయింది. అది తేటపడేసరికి సోఫా వెనక మూలలోది పూడుకుపోయింది. ఆమె తల తిప్పలేదు.

కాసేపటికి అదీ తేటపడింది. ఇప్పుడు నాలుగూ గలగలమంటున్నాయి.

"ఖాసీం, ఫోన్ పెట్టేయొద్దప్పా," అంది మెల్లగా.

"పెట్టనులేమ్మా, చెప్పు," అన్నాడు ఖాసీం.

చెవికి గట్టిగా ఆనించుకున్న ఫోన్లో ఆ మాట, మధ్యలో ఎవరో నిలబడినట్టు పూడుకుపోయి వినిపించింది.