మెడ దగ్గర ఆగిన చెయ్యి

గిన్నెలో బటర్ ఎంతకీ పొంగడం లేదు.

కృష్ణప్రియ బీటర్ ఆపి, గిన్నెను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, ఫోన్‌లో బతుకమ్మ పాట పెట్టింది. పోయిన పండక్కి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పంపారు. పాడిందెవరో తెలియదు గానీ, ఆ గొంతు వింటే చాలు ఒళ్లు పులకరిస్తుంది. ఆమె రింగ్‌టోన్ అదే, రీల్స్ వెనక వినిపించేదీ అదే.

పాట మహిమో, ఫ్రిజ్ చల్లదనమో, ఈసారి బటర్ తెల్లగా పొంగింది.

శతావరి, అశ్వగంధ వేసి కాచిన కొబ్బరినూనె, షియా బటర్. ఒంటికి రాసుకునే ఈ బటర్‌లో అంతే సరుకు. డబ్బా మీద లేబుల్ మాత్రం ఘనంగా ఉంది: ‘ఆడవాళ్ల హార్మోన్ల సమతుల్యానికి.’

మాదాపూర్ ఆఫీసులో రోజంతా కాల్స్. ఆమెకు నెలసరి తప్పుతోంది, జుట్టు ఊడుతోంది, ఎంత పడుకున్నా అలసట తీరడం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లే తీరిక లేక, తన కోసమని ఇంట్లో మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు నూట ఇరవై డబ్బాలయ్యాయి. ఆదివారం గోపన్‌పల్లిలోని వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో స్టాల్.

రీల్‌లో బటర్ రాసి చూపించడానికి రెండు చేతులు కావాలి. బాలింతలకు నూనె మర్దన చేసే భూలక్ష్మిని పిలిచింది.

ఎర్రటి ఎండల్లో కూడా కొంగు మెడ చుట్టూ చుట్టుకుని వచ్చింది భూలక్ష్మి.

“ఆ పాట జర బంద్ చెయ్యి బిడ్డా,” అంది గుసగుసగా.

“ఎందుకు? బాగోలేదా?”

భూలక్ష్మి బటర్ డబ్బా మూత తీసింది. ఈ పాట కూడా నచ్చని మనుషులుంటారా అని కృష్ణప్రియకు చిరాకేసింది. అయినా ఆపి, కెమెరా ఆన్ చేసింది.

భుజాల మీద బటర్ రాస్తున్న చేతులు మెడ దగ్గరకు వచ్చి ఆగిపోయాయి.

“గుటక మింగు బిడ్డా.”

“ఎందుకు?”

“మింగు.”

మింగింది.

“ఈడ గడ్డ ఉన్నది. దవాఖానకు పో.”

“వీడియో తీస్తున్నాం భూలక్ష్మమ్మా! బటర్ గురించి రెండు మంచి ముక్కలు చెప్పు. కాస్త గట్టిగా.”

“నా గొంతు గింతే. బటర్ మంచిగనే ఉన్నది, తోలు మెత్తగయితది. గడ్డ మాత్రం దీనితోని కరగది.”

వీడియో పాడైంది. కృష్ణప్రియ ముఖం మాడ్చుకుని పంపించేసింది.

ఆదివారం స్టాల్ దగ్గర జనం మూగారు. వాళ్లను తోసుకుంటూ భూలక్ష్మి వచ్చింది.

“దవాఖానకు పోయినవా బిడ్డా?”

డబ్బాలు పట్టుకున్న వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెల్లగా ఒక్కో డబ్బా మళ్లీ బల్ల మీదికి చేరింది.

ఆ సాయంత్రమే కృష్ణప్రియ గ్రూపులో ఫిర్యాదు పెట్టింది. ఇక లోపలికి రానివ్వకుండా గేటు యాప్‌లో భూలక్ష్మి పేరు తీసేశారు.

మంగళవారం వాచ్‌మన్ బుల్లిబాబు ఒక చీటీ తెచ్చిచ్చాడు.

“భూలక్ష్మి ఇమ్మందండి. గేటు బయటే నిలబడి ఇచ్చి వెళ్లిపోయింది.”

పెద్ద దవాఖాన ఓపీ చీటీ. పేరు కృష్ణప్రియ. చించేసింది.

పై మంగళవారం ఇంకోటి వచ్చింది. అదీ చించేసింది.

మూడోది చించబోతూ, దాని మీద అచ్చయిన టైము చూసింది. పొద్దున ఆరూ నలభై.

‘నా కోసం ఇంత పొద్దున్నే లైన్లో నిలబడిందా?’

అద్దం ముందుకెళ్లి, మెడ మీద వేళ్లు పెట్టి గుటక మింగింది. వేళ్ల కింద చిన్న గడ్డ పైకి కదిలి, కిందికి జారింది.

చీటీ పట్టుకుని దవాఖానకు పరుగెత్తింది. స్కానింగ్, సూది పరీక్ష, ఆపరేషన్ వెంటవెంటనే జరిగిపోయాయి.

“థైరాయిడ్ క్యాన్సర్, మొదట్లోనే దొరికింది,” అన్నాడు డాక్టర్. “ఇంకా ఆలస్యమైతే గొంతు నరానికి పాకేదేమో. మాట పోయేది. ఎవరు కనిపెట్టారు?”

“నూనె మర్దన చేసే ఆవిడండి.”

“మెడకు కొంగు చుట్టుకుంటుంది, ఆమేనా?” డాక్టర్ కుర్చీలో ముందుకు వంగాడు. “ప్రతి మంగళవారం తన చెకప్‌కు వస్తుంది. వచ్చినప్పుడల్లా ఇంకెవరి పేరునో ఒక చీటీ రాయించుకుంటుంది. ఆమె పంపిన వాళ్లలో మీరు ఆరోవారు. ఒక్కసారి కూడా ఆ చెయ్యి పొరబడలేదు.”

కృష్ణప్రియ మెడ మీద చెయ్యి వేసుకుంది. తను గేటు బయట నిలబెట్టింది ఆ చేతుల్నా!

ఇంటికి రాగానే నూట ఇరవై డబ్బాల లేబుళ్లూ పీకేసింది. ‘చర్మానికి మాత్రమే’ అని రాసిన మొదటి డబ్బా తీసుకుని పాత గోపన్‌పల్లికి వెళ్లింది.

భూలక్ష్మి కోడలు శ్రీలత తలుపు తీసింది.

“అత్తమ్మకు మెడల గడ్డ మళ్ల తిరగబెట్టింది అక్కా. ఇప్పుడు ఆ గుసగుస కూడ పోయింది.”

భూలక్ష్మి మంచం మీద పడుకుని ఉంది. మెడ మీద కొంగు లేదు. ఈ చెవి కింది నుంచి ఆ చెవి కింది దాకా పాత కోత గుర్తు.

కృష్ణప్రియను చూడగానే చెయ్యి చాచింది. ఆమె మెడ మీది కొత్త కోతను వేళ్లతో తడిమింది. మాట్లాడమని సైగ చేసింది.

“తప్పయిపోయిందమ్మా. నన్ను క్షమించు.”

మాట స్పష్టంగా, గట్టిగా వచ్చింది. భూలక్ష్మి ముఖం వెలిగిపోయింది.

అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్. బతుకమ్మ పాట గదంతా నిండింది. ఆమెకు ఈ పాట పడదని గుర్తొచ్చి, కృష్ణప్రియ గాభరాగా ఆపబోయింది.

భూలక్ష్మి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్లు మూసుకుంది. పాటలోని ఒక్కో మాటకూ ఆమె పెదాలు కదులుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

శ్రీలత కళ్లు తుడుచుకుంటూ అంది:

“ఆపరేషన్‌కు ముందు ఊర్ల ఆఖరిసారి పాడినప్పుడు ఎవరో ఫోన్ల రికార్డు చేసిండ్రు అక్కా, ఈ పాట మా అత్తమ్మ గొంతే.”